మనం, మేము: ఇద్దరు నర్సులు, ఒక పాప

సందేహం: నేను విదేశంలో నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డులో ఒకమ్మాయిది ఫిలిప్పీన్స్, భాష తగాలొగ్. ఇంకొకమ్మాయిది నైజీరియా, భాష ఇగ్బో. ఖాళీ దొరికినప్పుడు వాళ్లకు తెలుగు నేర్పుతూ మనం, మేము తేడా చెప్పాను. తగాలొగ్ అమ్మాయి టక్కున పట్టేసింది, మా భాషలోనూ ఉందంది. ఇగ్బో అమ్మాయికి మాత్రం రెండూ ఒకటే. తగాలొగ్‌కీ తెలుగుకీ చుట్టరికం ఏమైనా ఉందా? ఇంకో సంగతి. ఇంటికి ఫోన్ చేస్తే మా పాప "మమ్మీ, మనం నిన్న పెళ్లికి వెళ్లొచ్చాం" అంటుంది. నేనేమో ఇక్కడుంటిని. ఇది తప్పు కాదా? 'మా ఆయన' అనకూడదు, 'నా భర్త' అనాలని ఒకరన్నారు, అదీ చెప్పండి.

సమాధానం: అమ్మా, చివరిదానికి ముందు జవాబు చెప్పేస్తాను. 'మా ఆయన' నిక్షేపమైన తెలుగు. మా ఇల్లు, మా ఊరు అన్నట్టే ఇంటివాళ్లందరి తరఫున అనే మాట అది. 'నా భర్త' తప్పు కాదు గాని దస్తావేజులో రాసినట్టుంటుంది.

చుట్టరికం లేదు. తగాలొగ్‌ది మలయ్ భాషతో కలిసి ఆస్ట్రోనేషియన్ కుటుంబం, ఇగ్బోది నైజర్-కాంగో, మనది ద్రావిడం. గురో అంటే టీచరు, ముఖా అంటే మొహం అని విని మనవాళ్లు పొంగిపోతుంటారు గాని, అవి సంస్కృతం నుంచి ఎక్కువగా మలయ్ మీదుగా ఓడలెక్కి వెళ్లిన మాటలు. మన లక్ష కూడా వెళ్లింది, కాకపోతే అక్కడ లక్సా అంటే పదివేలే. అన్నట్టు మీరు 'తగాలొగ్' అని రాసినందుకు నాకు నిజంగా సంతోషం. 'టగలాగ్' అని రాసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ భాషలో ఆ అక్షరం మన త లాగే పళ్ల దగ్గర పలుకుతుంది. 'తగా-ఇలొగ్', ఏటి ఒడ్డువాళ్లు, అన్నది ఎక్కువమంది చెప్పే వ్యుత్పత్తి. ఇంగ్లీషు స్పెల్లింగులో టి కనిపించగానే ట వేసేయడం మానుకోవాలి.

ఇక అసలు విషయం. తగాలొగ్‌లో 'తాయొ' అంటే మనం, 'కమి' అంటే మేము. మన, మా అనడానికి నాతిన్, నామిన్. అంతేకాదు, వాళ్లకు వెనకటికి 'నువ్వూ నేనూ ఇద్దరమే' అనడానికి విడిగా ఒక సర్వనామం ఉండేది, కితా అని. ఇప్పుడది ఆ అర్థంలో దాదాపు పోయి 'నేను నిన్ను' అనే అర్థంలో మిగిలింది. 'మహల్ కితా' అంటే నువ్వంటే నాకు ప్రేమ అని. ఆ మహల్ ఏమిటంటారా? సంస్కృత 'మహార్ఘం', చాలా వెలగలది. వాళ్లకు ఇప్పటికీ ఖరీదైనదీ మహలే, ప్రియమైనదీ మహలే. మనం పాత పుస్తకాల్లో వదిలేసిన మాటను అక్కడి పిల్లలు రోజూ వాడుకుంటున్నారు, ఇది తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

మీ స్నేహితురాళ్లిద్దరినీ క్రైస్తవ ప్రార్థన మొదటి మాట చెప్పమనండి. తెలుగులో "పరలోకమందున్న మా తండ్రీ". మన తండ్రీ కాదు, ఎందుకంటే వింటున్నది ఆ తండ్రే, 'మన' అంటే ఆయన్ని కూడా పిల్లల్లో కలిపేసినట్టవుతుంది. తగాలొగ్‌లోనూ సరిగ్గా అంతే, 'అమా నామిన్'. నాతిన్ అనరు. ఇగ్బోలో 'న్నా అన్యి', అక్కడ అన్యి ఒక్కటే మాట, మనమూ అదే మేమూ అదే. అంతమాత్రాన ఇగ్బో పేద భాష అనుకోకండి. అవసరమైతే 'ము న గి', నేనూ నువ్వూ, అని విడదీసి చెబుతారు. స్వరం ఎత్తి దించడంలోనే 'అక్వా' అనే మాట ఏడుపు, మంచం, బట్ట, గుడ్డు అని నాలుగు రకాలవుతుంది. వాళ్ల ఎనిమిది అచ్చులు నాలుగేసి చొప్పున రెండు జట్లు, మామూలుగా ఒక మాటలో ఒక జట్టు అచ్చులే ఉంటాయి. మనం పులికి, చెట్టుకు అంటూ ముందున్న అచ్చును బట్టి కి, కు మార్చుకోమా, ఆ పద్ధతి వాళ్ల భాషంతా పరుచుకుని ఉంది.

సొంత తోబుట్టువు కన్నడమే ఈ తేడాను పోగొట్టుకుంది, ఇవాళ అక్కడ నావు ఒక్కటే. తమిళానికి నామ్, నాంగళ్ ఉన్నాయి. మరాఠీ మన కుటుంబం కాకపోయినా ఆపణ్, ఆమ్హీ అని రెండూ పెట్టుకుంది. కాబట్టి ఇది చుట్టరికానికి సాక్ష్యం కాదు. మన మాటల పుట్టుక చూడండి: కవిత్రయం భారతంలో ఏను, ఏము అని కనిపిస్తాయి. నా, మా అనే రూపాల్లోని హల్లు వచ్చి ముందు చేరి నేను, మేము అయ్యాయి. 'మన' మాత్రం తమిళ నామ్ పక్కన పెట్టి చూస్తే న, మ తారుమారైన రూపంలా కనిపిస్తుంది, నేనైతే అలాగే నమ్ముతాను.

మరి పాప మాట? వ్యాకరణం ప్రకారం 'మేము వెళ్లొచ్చాం' అనాలి. ఇంగ్లీషులో ఒకే 'వి' విని పెరిగే పిల్లలు ఆ ఒక్కదానికీ మనం తగిలిస్తున్నారు. పిల్లల్ని ఏమంటాం, టీవీ యాంకర్లే ప్రేక్షకులతో "మనం నిన్న షూటింగ్‌కి అరకు వెళ్లాం" అంటుంటే! అలాగని ప్రతి మనాన్నీ పట్టుకుని దిద్దలేను. షాపతను "మన దగ్గర ఆ సైజు లేదండి" అంటాడు, "మనవల్ల కాదు బాబూ" అని ఒక్కడే ఉండి అనేవాళ్లున్నారు. ఇవి ఎప్పటినుంచో ఉన్న వాడుకలు. దూరంగా ఉన్న అమ్మను కూడా కలుపుకుని మాట్లాడే పిల్లను గట్టిగా తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు.

ఒక్కటి గమనించండి. 'వెళ్లొచ్చాం' అనే క్రియలో ఈ తేడా లేదు, సర్వనామమే చెప్పాలి. 'వెళ్దాం' మాత్రం ఎప్పుడూ మనానిదే, 'మేము వెళ్దాం' అని ఏ తెలుగు పిల్లా అనదు. అంటే పాపకు తేడా లోపల తెలుసు. ఈసారి సెలవుకు ఊరొచ్చినప్పుడు "మనం గుడికి వెళ్దామా, మేము వెళ్లొస్తాం నువ్వు ఇంట్లో ఉంటావా" అని అడిగి చూడండి.