కార్తె వచ్చింది, వాన రాలేదు

ప్రశ్న: అమ్మా, బెంగళూరులో ఉద్యోగం మానేసి మా ఐదెకరాల ఎర్రనేల చూసుకుంటున్నాను. బోరు లేదు. మృగశిరలో మంచి వాన పడింది, విత్తెయ్యమని తాత అంటే చేనంతా వేరుశనగ వేశాను. తర్వాత నెలకు పైగా చుక్క లేదు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మొక్కలు వాడిపోయాయి. ఇంకా కార్తెలు నమ్మాలా, ఫోన్‌లో వాతావరణం చూసుకోవాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక యువరైతు, కళ్యాణదుర్గం

జవాబు: తాత మీద కోపం తెచ్చుకోకు నాయనా. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. వాన పడినా పడకపోయినా మృగశిర ఏటా జూన్ 8 ప్రాంతంలో వచ్చేస్తుంది. పనులకు అదొక క్యాలెండర్, అంతే. వానలు ఎగ్గొడతాయని పెద్దలకూ తెలుసు. తెలుసు కాబట్టే ‘మఖ పుబ్బలు వరుపైతే మహా ఎద్దడి’ అన్నారు, అంటే ఆ రెండు కార్తెల్లో వాన లేకపోతే కరువే అని.

నన్నడిగితే నిన్ను ముంచింది ఒకే పంట. వాళ్ల నాయన కాలంలో ఆ చేలో ఏమేం ఉండేవో తాతను అడుగు. కొర్ర, సజ్జ, కంది, అనప, అలసంద, ఆముదం అని వేళ్లు మడుస్తూ చెబుతాడు చూడు. కొర్ర మూడు నెలల్లో ఇంటికొస్తుంది. కంది వేరు లోతుకు పోతుంది, ఐదారు నెలలు నిలబడి సెప్టెంబరు, అక్టోబరు వానలను కూడా తాగుతుంది. జులై ఎండగట్టినా ఏదో ఒకటి గాదెకు చేరేది. మీ అనంతపురం వైపు ఏడాదంతా కలిపి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఇప్పుడు అది కూడా ఒక్కోసారి కుండపోతగా పడి, ఆపైన వారాల తరబడి మొహం చాటేస్తోంది. అలాంటి చోట పైకమంతా ఒక్క పంట మీదే పెడితే ఎట్లా?

వేరుశనగ మానెయ్యమనను. ఏడు సాళ్లకు ఒక సాలు కంది పెట్టు. చేను చుట్టూ జొన్న వెయ్యి. ఒక ఎకరం మాత్రం ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కందికి వదులు. వాలుకు అడ్డంగా దున్ను. విత్తనాలు వేసే గొర్రు కట్టే ముందు నాలుగు చోట్ల తవ్వి పదును చూడు: జానెడు లోతు దాకా మన్ను తడిసి ఉండాలి, పిడికిట నొక్కితే ఉండ కట్టాలి. ఆ పూట ఫోన్ కూడా చూడు, తప్పేం లేదు. నాలుగు రోజుల ముందు మాట అది బాగానే చెబుతుంది. పంటకాలమంతా చెప్పమంటేనే తడబడుతుంది.

జులై ఆఖరుకు కూడా పదును రాలేదా, వేరుశనగ మూట విప్పకు. అంత ఖరీదైన విత్తనాన్ని మట్టిలో పోసి ఆకాశం వైపు చూడటం ఎందుకు? ఆగస్టులో పడితే ఉలవలు చల్లుకో.

ప్రకృతి వ్యవసాయం వాళ్లు వేసవిలోనే నవధాన్యాలు విత్తిస్తున్నారు. విత్తనాలకు బంకమన్ను, పేడ, బూడిద పట్టించి పొడి దుక్కిలో వేస్తే తొలి వానకు మొలుస్తాయి, నేల కప్పుకుని ఉంటుంది. అర ఎకరంలో చేసి చూడు. ఊళ్లో మేకలు విడిచిపెట్టే అలవాటుంటే మాత్రం ముందు ఆ సంగతి మాట్లాడుకో!

ప్రశ్న: విత్తనానికి దాచిన కందులు ఏటా పుచ్చిపోతున్నాయి. మందు కలపకుండా దారి ఉందా?
– ఒక గృహిణి, జహీరాబాద్

జవాబు: మీ పక్కనే పస్తాపూర్ ఉంది కదమ్మా! అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు చిరుధాన్యాల, పప్పుల విత్తనాలు ఏళ్లుగా కాపాడుతున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. ఒకసారి వెళ్లి చూసి రండి. ఈలోగా కందులను కరకరలాడేలా ఎండబెట్టి, ఆరాక జల్లించిన బూడిద దండిగా కలపండి. పేడతో అలికిన, గింజలు దాచే గుమ్మిలో ఎండు వేపాకు పొరలు పొరలుగా వేసి పోసి, మూతి మెత్తండి. వండుకునే కందులకు బూడిద వద్దు, ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టుకుంటే వాడేటప్పుడు కడిగేసుకోవచ్చు.