బల్బును తిట్టే ముందు హోల్డరు చూడండి

ఇంటి కరెంటు సందేహాలకు విజయనగరం ఎలక్ట్రీషియన్ జవాబులు

ప్రశ్న: వీధి అరుగు మీద 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టి, పురుగులు చేరకుండా గాజు డూము బిగించాం. మూడు నెలలు తిరక్కుండా మాడిపోతోంది. అదే కంపెనీ బల్బు వంటింట్లో ఏళ్ల తరబడి వెలుగుతోంది. పెట్టె మీద 25,000 గంటలని రాశారు. మోసమేనా?
– ఒక గృహిణి, కళింగపట్నం

జవాబు: మోసం అనను గానీ అమ్మా, ఆ అంకెను పూర్తిగా నమ్మను కూడా. రోజుకు 10 గంటల చొప్పున అది దాదాపు ఏడేళ్లు. ఆ లెక్క లోపలి చిప్పులది. వాటి వెలుగు మొదటి రోజుతో పోలిస్తే 70 శాతానికి పడిపోయేందుకు పట్టే కాలం అది. ముందుగా చచ్చేది చిప్పులు కాదు, బల్బు మెడలో ఉండి ఇంటి కరెంటును చిప్పులకు తగ్గట్టు మార్చే డ్రైవరు. అందులోని కెపాసిటరుకు వేడి పడదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క. మీరేమో డూము బిగించి వేడి పోయే దారి మూసేశారు. ముందు దాన్ని విప్పండి. పురుగులు వస్తే రానివ్వండి, వాటి సంగతి బల్లులు చూసుకుంటాయి.

ఇక సముద్రపు గాలి. మెయిన్ ఆఫ్ చేసి, చల్లారిన బల్బు తీసి, అడుగున ఉన్న రెండు టంకం చుక్కలు చూడండి. నల్లబడి గుంటలు పడి ఉంటే దోషం హోల్డరుది. పిన్ హోల్డరులో రెండు ఇత్తడి పిన్నులు స్ప్రింగుల మీద ఆడుతూ బల్బును నొక్కి పట్టాలి. ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పుపట్టి, ఇత్తడి చిలుమెక్కి ఆ పట్టు సడలుతుంది. సందులో రవ్వలు లేస్తాయి. చెవి పెట్టి వింటే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. చాలామంది గరుకు కాగితంతో రుద్ది ఊరుకుంటారు. స్ప్రింగు బిగువు రుద్దితే వస్తుందా? హోల్డరే మార్పించండి. వైరు కొస పచ్చబడి ఉంటే ఆ మేరకు కత్తిరించి, మెరిసే రాగి తేలాకే బిగించమనండి.

అప్పటికీ బల్బులు పోతుంటే, ఇంట్లో దీపాల వెలుగు ఉన్నట్టుండి పెరిగి తగ్గుతోందేమో గమనించండి. అలా ఉంటే న్యూట్రలు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, వదులై ఉండవచ్చు. తుపాన్ల తర్వాత ఈ బెడద ఎక్కువ. ఇక బల్బులు కొనడం ఆపి లైన్‌మన్‌ను పిలవండి.

ప్రశ్న: పాలకొండ దగ్గర మా తాతగారింట్లో ఒక గుండు బల్బు ఏళ్ల తరబడి వెలిగింది. కంపెనీలు కావాలనే బల్బుల ఆయుష్షు తగ్గించాయంటారు, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: సగం నిజం. 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి. గీత దాటిన కంపెనీ జరిమానా కట్టాలి. అయితే ఫిలమెంటును, అంటే బల్బులోని తీగను, తక్కువ వేడి మీద వెలిగిస్తే ఎంతకాలమైనా బతుకుతుంది, వెలుగే రాదు. అమెరికాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నాటి బల్బు ఇంకా వెలుగుతోంది, ఇప్పుడు దాని సత్తా 4 వాట్లే. మీ తాతగారి బల్బుకు లో వోల్టేజీయే ఆయుష్షు పోసి ఉంటుంది. 230 వోల్టులకు 5 శాతం తగ్గినా ఫిలమెంటు ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, వెలుగు ఆరో వంతు పోతుంది. లైను చివరి ఇళ్లకు అంతకన్నా తక్కువే వచ్చేది. బల్బులో తీగ ఎర్రగా కనిపించేది గానీ, కంచంలో రాయి కనిపించేది కాదు.

ప్రశ్న: కోడలు హైదరాబాదు నుంచి వేలాడే దీపం తెచ్చింది. మన బల్బు అందులో పట్టడం లేదు.
– రిటైర్డు ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: అది స్క్రూ హోల్డరు మాస్టారూ. మన ఇళ్లలో ఉండేది 22 మిల్లీమీటర్ల పిన్ను రకం, బీ22. మీది బహుశా 27 మిల్లీమీటర్ల మర, ఈ27. పాత బల్బు పట్టుకెళ్లకండి, హోల్డరు కొలత రాసుకెళ్లి సరిపోయే బల్బు కొనండి. అడాప్టరు దొరుకుతుంది గానీ నాకు నచ్చదు. వదులయ్యే చోటు ఇంకొకటి పెరుగుతుంది, బల్బు కూడా షేడు కిందికి దిగి కళ్లలో కొడుతుంది. పిన్ హోల్డరుకు వైర్లు ఎటు కలిపినా ఫరవాలేదు. ఈ స్క్రూ హోల్డరుకు మాత్రం ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, అడుగున మధ్యలో ఉన్న రేకుకు, న్యూట్రలు చుట్టూ ఉన్న మరకు వెళ్లాలి. తారుమారైనా బల్బు వెలుగుతుంది, కానీ మార్చేటప్పుడు వేలు తగిలే మరలో కరెంటు ఉంటుంది. టెస్టరు పెట్టి చూపించాకే బిగించిన కుర్రాడికి డబ్బులివ్వండి.