చంద్రగిరి కోటకు సైకిల్‌పై: హైవే తప్పించే దారి

తిరుపతి నుంచి చంద్రగిరి కోటకు సైకిల్‌పై వెళ్లబోతే హైవే మీద లారీలు ఒరుసుకుంటూ పోవడంతో సగం దారిలోనే వెనుదిరిగానని మీరు రాశారు. ఆ రోడ్డును పూర్తిగా వదిలేయండి. అలిపిరి నుంచి జూపార్కు మీదుగా చెర్లోపల్లి చేరి, అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం వైపు తిరిగితే, కుడిచేతి పక్కన శేషాచలం కొండలు తోడుగా వస్తుండగా నిదానంగా చంద్రగిరి చేరవచ్చు. శ్రీవారి మెట్టుకు వెళ్లే భక్తుల వాహనాలు ఈ దారిలోనూ ఉంటాయి కనుక తెల్లవారకముందే బయలుదేరడం మేలు. వెనుక ఎర్రదీపం తప్పనిసరి.

అంత పొద్దున వెళితే రాజమహల్‌లోని మ్యూజియం తెరిచి ఉండదు. ఆ సమయాన్ని మంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరస్వామి దర్శనానికి, ఆపైన ఇడ్లీకి కేటాయించండి (నా వరకు ఇడ్లీయే ముందు). శుక్రవారం మ్యూజియానికి సెలవు.

రాజమహల్‌ను తొందరపడి చూడకండి. విజయనగర రాజుల కాలపు ఈ మూడంతస్తుల భవనాన్ని కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. పైకప్పు బరువును దూలాలకు బదులు కమానులు ఎలా మోస్తున్నాయో లోపల నిలబడి తలెత్తి చూస్తే తెలుస్తుంది.

సైకిల్‌ను రోడ్డు పక్క మట్టిలోకి దించవద్దు. తుమ్మముల్లు ట్యూబులోకి దిగినా గాలి వెంటనే పోదు, తిరుగు ప్రయాణంలోనే తెలుస్తుంది. అదనపు ట్యూబు, చేతిపంపు వెంట ఉంచుకోండి.