ముహూర్తాల సంపాదనకు నెలవారీ ఈఎంఐ కట్టకండి

ప్రశ్న: నా వయసు 29. రాజమహేంద్రవరంలో నాలుగేళ్లుగా సొంతంగా బ్రైడల్ మేకప్ చేస్తున్నాను. ఏడాదికి 45 పెళ్లిళ్లు వస్తాయి, ప్యాకేజీ 14,000. పార్లర్‌లో జీతానికి చేసినప్పటికంటే చాలా బాగుంది. ఇంటి ఖర్చుకు నెలకు 20,000 ఇస్తాను. బ్యాంకులో 52,000 ఉన్నాయి, అందులో శ్రావణం బుకింగుల అడ్వాన్సులు 30,000. మేకప్ సామాను కొన్న క్రెడిట్ కార్డు బాకీ 85,000. వడ్డీ నెలకు 3.5 శాతం, కనీస మొత్తంగా 4,250 కడుతున్నాను. స్టూడియో కోసం 16 శాతం వడ్డీకి 6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు, నాలుగేళ్లలో తీర్చాలి. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఇప్పుడైతే అసలే వద్దు. మీ పనిలో రాబడి లేదని కాదు. తెల్లవారుజామున మూడింటికి మొదలుపెట్టి తలంబ్రాల వేళకు 14,000 చేతికొచ్చే పని ఇది. కాకపోతే ఆ 14,000 అంతా మీది కాదు. హెయిర్ స్టైలిస్ట్‌కు 2,500, చీర కట్టే అసిస్టెంట్‌కు 1,500, కారుకు 1,200, ఫౌండేషన్ నుంచి ఐలాషెస్ దాకా ఖర్చయ్యే సామానుకు 1,600 వేసుకోండి. మొత్తం 6,800 పోగా మిగిలేది 7,200. అలా 45 పెళ్లిళ్లకు 3,24,000. నిశ్చితార్థాలు, ఓణీల ఫంక్షన్లు, సీమంతాల మీద ఖర్చులు పోను మరో 96,000 అనుకుందాం. ఏడాదికి 4,20,000, అంటే నెలకు 35,000.

ఇంటికి 20,000, ఫోను, పెట్రోలు, బీమాలకు 4,000 పోతే 11,000 మిగులుతుంది. మీరు అడుగుతున్న అప్పుకు ఈఎంఐ 17,000 దాటుతుంది. స్టూడియో అద్దె, కరెంటు ఇంకా లెక్కలోకే రాలేదు. నాలుగేళ్లలో వడ్డీయే 2,16,000 కడతారు.

ఈ రంగంలో ఉన్న చాలామంది మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో వచ్చిన డబ్బు చూసుకుని దాన్నే నెలవారీ ఆదాయం అనుకుంటారు. ఈఎంఐ మాత్రం ఆషాఢంలోనూ కట్టాలి. భాద్రపదంలో, పుష్యంలోనూ కట్టాలి. ఇవి ఏటా వచ్చేవే కాబట్టి ముందే సర్దుకోవచ్చు. మౌఢ్యం, అంటే పెళ్లిళ్లు చేయని మూఢం రోజులు, అలా కాదు. 2024లో గురు, శుక్ర మౌఢ్యాలు కలిసొచ్చి, మామూలుగా ఊపిరాడనంత పని ఉండే మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేకుండా పోయాయి. అలాంటి ఏడాది 17,000 ఎక్కడినుంచి తెస్తారు? మళ్లీ కార్డు గీకుతారు, లేదా ఐదు నిమిషాల్లో డబ్బిచ్చే లోన్ యాప్ తెరుస్తారు. మునిగేది సరిగ్గా అక్కడే.

అడ్వాన్సుల సంగతి ఇంకా ముఖ్యం. మీ 52,000లో 30,000 పెళ్లివారిది. పెళ్లింట మైల వచ్చి ముహూర్తం తప్పితే ఆ డబ్బు తిరిగి అడుగుతారు, ఇవ్వాల్సిందే. ముఖానికి రంగు వేసేదాకా అది మీ దగ్గర దాచిన సొమ్ము. కాబట్టి నిజంగా మీకున్నది 22,000, ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. అత్యవసర నిధి లేకుండా స్టూడియో మాట ఎత్తకండి.

ఈ వారంలోనే మరో బ్యాంకులో రెండో ఖాతా తెరవండి. పెళ్లిళ్ల డబ్బు, అడ్వాన్సులు అన్నీ అందులోకే రావాలి. దాని యూపీఐ క్యూఆర్‌నే పెళ్లివారికి చూపించండి. ప్రతి నెలా 1వ తేదీన అందులోంచి 24,000 మీ పాత ఖాతాకు జీతంలా పంపుకోండి. వైశాఖంలో లక్ష వచ్చినా 24,000, ఆషాఢంలో ఏమీ రాకపోయినా 24,000. శూన్యమాసాలు గడిచేది ఇలాగే. అత్యవసర నిధి దీనికి వేరు: ఆరు నెలల ఖర్చు, అంటే 1,44,000. దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. కొత్త ప్యాలెట్‌కో, కజిన్ పెళ్లి చీరకో తీయకండి.

దానికంటే ముందు కార్డు. మీరు కడుతున్న 4,250లో వడ్డీ 2,975, దాని మీద జీఎస్టీ 535. అసలు తగ్గేది 740 మాత్రమే. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి ఈ బాకీ తీర్చేయండి, వడ్డీ మూడో వంతుకు దిగుతుంది. ఆ తర్వాత కార్డు బీరువాలో పెట్టండి. సామాను కూడా పెళ్లిళ్ల లెక్కన కొనాలి: తెరిచిన మస్కారా మూడు నుంచి ఆరు నెలలకు, క్రీము ఫౌండేషన్ చాలావరకు 12 నెలలకు మార్చాల్సిందే. ఆఫర్ ఉందని అప్పుమీద ఎక్కువగా కొని తెరిచిన డబ్బాలు అయిపోకముందే పాడవుతాయి.

బీమా గురించి కూడా గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మీకు కంపెనీ ఇచ్చే కవరేజీ లేదు. 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. దాంతోపాటు వ్యక్తిగత ప్రమాద బీమా. తాత్కాలిక వైకల్యానికి వారానికి ఇంతని చెల్లించే పాలసీయే అడిగి తీసుకోండి. కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టులో ఉంటే మాఘమాసం మొత్తం పోయినట్టే. ఆస్పత్రి బిల్లు ఆరోగ్య బీమా కడుతుంది, పోయిన పెళ్లిళ్ల డబ్బు అది ఇవ్వదు.

సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వాయిదా), పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు) లాంటివి అత్యవసర నిధి నిండాక చూద్దాం.

నెలకు 11,000 చొప్పున కార్డు బాకీ తీరి నిధి నిండడానికి సుమారు 20 నెలలు పడుతుంది. ఈలోగా పన్ను పడకపోయినా ఏటా ఐటీ రిటర్న్ వేయండి. రెండేళ్ల రిటర్నులు, రెండో ఖాతా స్టేట్‌మెంటు చేతిలో ఉంటే, తాకట్టు అక్కర్లేని ముద్ర కిశోర్ రుణానికి (చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం, 5 లక్షల వరకు) బ్యాంకుకు వెళ్లొచ్చు. అప్పుడు కూడా 6 లక్షలు అవసరం పడవు. మీ ఆదాయం పెళ్లింటికి వెళ్లి చేసేది కాబట్టి ట్రయల్ మేకప్‌కు ఇంటి ముందుగదిలో ఒక అద్దం, పగటి వెలుగులాంటి రెండు లైట్లు, ఎత్తు కుర్చీ చాలు. ఇక రాబోయే శ్రావణం బుకింగులకు అడ్వాన్సు రసీదు మీద ఒక వాక్యం రాయించి సంతకం తీసుకోండి: ముహూర్తం మారితే అదే అడ్వాన్సు కొత్త తేదీకి వర్తిస్తుంది, రద్దయితే ఎంత తిరిగిస్తారో అంకె వేయండి.