‘అదే పదివేలు’ అనుకోలేకపోతున్నాను!

ప్రశ్న: మూడు నెలల కిందట ప్రమాదంలో నా తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇప్పటికీ వాకర్ లేకుండా నడవలేను, బాత్రూమ్‌కు వెళ్లాలన్నా నా భార్య తోడు రావాలి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు’ అంటారు. నాకేమో ఏడుపొస్తుంది. రాత్రీపగలూ నన్ను చూసుకుంటున్న ఆమె మీదే విసుక్కుంటాను, తర్వాత కుమిలిపోతాను. నేనింత కృతఘ్నుణ్నా?

జవాబు: కాదు. కృతఘ్నుడైతే మీకు ఈ బాధే ఉండేది కాదు. ఇలాంటి ఉత్తరాల్లో నాకు నొప్పి కన్నా సిగ్గే ఎక్కువ కనిపిస్తుంది. ‘అదే పదివేలు’ అన్నవాళ్లు ప్రేమతోనే అన్నారు. మీరు మాత్రం దాన్ని ‘ఇక నేను బాధపడకూడదు’ అని తీసుకున్నట్టున్నారు. తన పనులు తాను చేసుకున్న మనిషి బాత్రూమ్‌కు ఒకరి చెయ్యి పట్టుకోవాల్సి రావడం చిన్న కష్టమా? ఏడుపొస్తే ఏడవండి. బతికినందుకు సంతోషం, పోగొట్టుకున్నదానికి దుఃఖం ఒకే మనసులో ఉంటాయి.

ఇక ఆశ సంగతి. ఎముక విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో మెత్తని కణజాలం అల్లుకుంటుంది. కాల్షియం చేరే కొద్దీ అది గట్టి ఎముకగా మారుతుంది. ఆ కాల్షియం చేరేదాకా ఈ కొత్త కణజాలం ఎక్స్‌రేలో కనిపించదు. అంటే, ఏ మార్పూ లేదని మీరు దిగులుపడ్డ రోజుల్లోనూ లోపల పని జరుగుతూనే ఉంది. తొడ ఎముక అతకడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మంచాన ఉన్నప్పుడు కరిగిన కండ తిరిగి రావడానికీ టైమ్ కావాలి. మూడో నెలలో వాకర్ పట్టుకున్నారంటే వెనకబడ్డారని కాదు. ఫిజియోథెరపిస్ట్‌ను ‘ఎప్పటికి మామూలవుతాను’ అని కాకుండా ‘వచ్చే రెండు వారాల్లో నేనేం చేయగలగాలి’ అని అడగండి. సిగరెట్ అలవాటుంటే మానేయండి, దానివల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది.

రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో అనే మనస్తత్వవేత్తలు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. నరాలు, కండరాల జబ్బులున్నవాళ్లలో కొందరు 21 రోజుల పాటు, తమకు మేలు అనిపించినవాటిని రోజూ రాసుకున్నారు. అలా రాయనివాళ్ల కన్నా వాళ్ల మనసు ఉల్లాసంగా ఉంది, నిద్రా మెరుగుపడింది. మీరూ రోజుకో వాక్యం రాయండి. గొప్ప మాటలక్కర్లేదు. ‘ఈరోజు మోకాలు కాస్త ఎక్కువ వంగింది’ చాలు. ఏమీ తోచని రోజు వదిలేయండి, బలవంతంగా రాసేది కృతజ్ఞత కాదు.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, ప్రమాదం పదేపదే కళ్ల ముందు మెదులుతుంటే డాక్టర్‌తో చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పండి, అదే రోజు డాక్టర్‌ను కలవండి.

మీ భార్య విషయం. విసుక్కున్న రోజే, పడుకునేలోపు, ‘నా కోపం నీ మీద కాదు, ఈ కాలు మీద’ అని నోరు తెరిచి చెప్పండి. వారంలో ఒక పూట మరొకరిని తోడు పిలిచి ఆమెను బయటికి పంపండి. ఇంకొకటి. మీరు ఆపరేషన్ గదిలో ఉన్నంతసేపూ ఆమె బయట ఎలా గడిపిందో బహుశా ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు. మీరు అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా వినండి.