తాతగారి ట్రంకుపెట్టె, నాన్నగారి మౌనం

నిరుడు కాలం చేసిన తాతగారి గురించి పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన ఒక మనవరాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. తాతగారు 1962 చివరలో, చైనాతో యుద్ధం జరిగిన రోజుల్లో, పంతొమ్మిదో ఏట సైన్యంలోని ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరారు. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో సరిహద్దు అవతలి షకర్‌గఢ్ ప్రాంతంలో పనిచేసి, 1979లో హవల్దారుగా పింఛను తీసుకుని ఊరు చేరారు. 1981 మార్చిలో మోటారు సైకిలు మీద కాశీ వెళ్లి నలభై రోజులకు తిరిగి వచ్చారు, అరవై అయిదో ఏట కేదారనాథ్ కొండ నడిచి ఎక్కారు, మంచాన పడేదాకా వీధి అరుగు మీద పదిమంది లేనిదే సాయంత్రం గడపలేదు. సాంవత్సరికం నాటికి ఆయన స్మారక సంచిక తేవాలని ఈమె కోరిక. తండ్రి మాత్రం ఒక్క వాక్యం కూడా రాయనన్నారు, తాతగారి ట్రంకుపెట్టె తాళంచెవి ఇవ్వనన్నారు. "నాన్న రాతిమనిషి, తాతయ్య పోయిన రోజున కూడా ఏడవలేదు. ఆయనకు తెలియకుండా తాళం తీయించవచ్చా?" అని ఈమె అడుగుతున్నారు.

తీయించకూడదు. ఆ ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు అవసరం లేదు. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు మీ దగ్గరే ఉన్నాయని మీరే రాశారు కనుక, వాటిలో అర్థం కాని సైనిక వివరాలు ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. సంచికకు కావలసిన తేదీల కోసం పెట్టె జోలికి పోనక్కరలేదు.

నన్ను ఆపింది మీ ఉత్తరంలోని వేరే లెక్క. మీ నాన్నగారు 1965లో పుట్టారు. అత్తగారిని చూసుకోవలసి వచ్చి మీ నాయనమ్మగారు ఊళ్లోనే ఉండిపోయారు. జవానుకు ఏడాదికి వచ్చే వార్షిక సెలవు రెండు నెలలు. అంటే పుట్టినది మొదలు పద్నాలుగేళ్ల వయసు వచ్చేదాకా ఆ పిల్లవాడు తండ్రితో గడిపిన కాలం, మధ్యలో దొరికిన చిన్న సెలవులు కలుపుకున్నా, మూడున్నరేళ్లు దాటదు. మీ తాతగారు ఆ ఇంటికి ఏటా సెలవుకు వచ్చే చుట్టం. ఇందులో ఆయన తప్పు లేదు, దేశం ఆయన చేత చేయించుకున్న పని అది. కానీ దాని ఖరీదులో కొంత ఆ పిల్లవాడు కూడా చెల్లించాడు.

షకర్‌గఢ్ ప్రాంతంలోని బసంతర్ నది దగ్గర మందుపాతరలు తొలగించిన సంగతిని మీరు మూడు పేజీలు రాశారు, బాగా రాశారు. టాంకులు నది దాటాలంటే ముందుగా సాపర్లు చీకట్లో మోకాళ్ల మీద పాకుతూ దారి చేయవలసి ఉంటుంది. ఆ దారిన వెళ్లిన వారిలో ఇరవై ఒక్కేళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ 1971 డిసెంబరు 16న ప్రాణం విడిచాడు. మద్రాస్ సాపర్లను తోటి సైనికులు తంబీలని పిలుస్తారన్న సంగతి కూడా మీ తాతగారి నోట విన్నారు కాబోలు. ఇదంతా సంచికలో ఉండవలసిందే. అయితే ఆ డిసెంబరులో మీ నాన్నగారికి ఆరేళ్లు. మిలటరీ మాధవరమని పేరుపడిన ఊరు ఉన్న జిల్లా మీది. తపాలా మనిషి టెలిగ్రాం పట్టుకుని వీధిలోకి వచ్చాడంటే సిపాయి ఉన్న ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఎలా నిలబడిపోయేవారో మీ ఊరి పెద్దలు ఎవరైనా చెబుతారు. 17న కాల్పులు ఆగినా, మీ తాతగారు మరుసటి ఏడాది దసరాకు గానీ ఇంటికి రాలేదు. అన్ని నెలలు ఆ పిల్లవాడు ఏమనుకుంటూ నిద్రపోయాడో మీ ఆరు పేజీల్లో ఎక్కడా లేదు.

ఇక కాశీ ప్రయాణం. 1981 మార్చి అంటే మీ నాన్నగారు పదో తరగతి పరీక్షలు రాసిన నెల కాదా? శాశ్వతంగా ఇంటికి వచ్చేశాడనుకున్న తండ్రి పరీక్షల ముందు బండెక్కి వెళ్లిపోయిన సంగతిని మీరు గర్వంగా రాశారు. మనవరాలిగా మీకు ఆ గర్వం తగినదే. కాలువలో ఈత నేర్పి, ఊరంతా తిప్పి, అరుగు మీద ఒళ్లో కూర్చోబెట్టుకున్న తాతయ్య మీకు దక్కారు. ఆ తాతయ్య నిజం. మీ నాన్నగారు ఎరిగిన తండ్రి కూడా అంతే నిజం.

మంచాన పడిన నాలుగేళ్లూ తాతగారికి స్నానం చేయించింది, ఒంటి పుండ్లు తుడిచింది, నెలనెలా ఆసుపత్రికి తిప్పింది నాన్నగారేనని అయిదో పేజీలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. తన చిన్నతనంలో దగ్గర లేని తండ్రికి అంత సేవ చేసిన కొడుకును రాతిమనిషి అనడం నాకు బాధ కలిగించింది. కన్నీళ్లు పెట్టుకోవడం ఒక్కటే ప్రేమకు గుర్తు అని నేను నమ్మను. ఆ మాట వెనక్కి తీసుకోండి. నోటితో క్షమాపణ చెప్పనక్కరలేదు, ఆయన పక్కన కూర్చోండి చాలు.

సంచిక సాంవత్సరికం తిథికే రావాలన్న నియమం లేదు. ఆ రోజు కర్త మీ నాన్నగారు, పిండం పెట్టేది ఆయన. వచ్చినవాళ్లందరూ పుస్తకం తిరగేస్తూ "నువ్వేం రాయలేదేం?" అని ఆయనను అడిగే పరిస్థితి తేవద్దు. ఆ తర్వాత డిసెంబరు 16న, 1971 గెలుపును తలుచుకునే విజయ్ దివస్ నాడు, తాతగారి అరుగు మీదే దాన్ని పంచండి.

ఈలోగా ఒక సాయంత్రం "తాతయ్య గురించి చెప్పండి" అనకుండా, "నాన్నా, యుద్ధం వచ్చిన ఏడాది మన ఇంట్లో ఎలా ఉండేది?" అని అడగండి. ఆయన లేచి వెళ్లిపోతే వెంటపడకండి, నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. పెట్టె ఊసు మాత్రం మీరుగా ఎత్తకండి. ఆయన చెబుతున్నప్పుడు ఫోనులో రికార్డు చేయవద్దు. విన్నది రాత్రికి మీ మాటల్లో రాసి, మర్నాడు ఆయనకే చదివి వినిపించండి. ఆయన తీసేయమన్న వాక్యాన్ని అక్కడే, ఆయన చూస్తుండగానే కొట్టివేయండి.