క్రీ.శ. 69లో రోమ్‌కి ఒకే ఏడాదిలో నలుగురు చక్రవర్తులు ఎలా వచ్చారు?

మొదలైంది మాత్రం డబ్బు గొడవతోనే అండి. 68 జూన్‌లో నీరో ఆత్మహత్య చేసుకున్నాడు, వారసుడు లేడు, దాంతో స్పెయిన్‌లో గవర్నర్‌గా ఉన్న గాల్బా అనే డెబ్భై ఏళ్ల పెద్దాయన వచ్చి గద్దె ఎక్కాడు. చక్రవర్తికి కాపలా ఉండే ప్రిటోరియన్ గార్డులకి ఆయన పేరు చెప్పి ఎవరో భారీ బోనస్ ఒప్పేసుకున్నారు, ఈయనేమో నేను సైనికుల్ని ఎంచుకుంటాను గానీ కొనుక్కోను అని చిల్లిగవ్వ కూడా ఇవ్వలేదు. మాట బానే ఉంది, టైమింగే బాలేదు! వారసుడిగా తనని కాదని ఇంకొకర్ని దత్తత తీసుకున్నాడన్న మంటతో, అప్పటిదాకా గాల్బా మద్దతుదారుగా ఉన్న ఒథో ఆ గార్డుల్ని తనవైపు తిప్పుకున్నాడు, 69 జనవరి 15న రోమ్ నడిబొడ్డున ఉన్న ఫోరమ్ అనే కూడలిలో గాల్బాని నరికేశారు, ఒథో గద్దె ఎక్కాడు. బట్టతల కదా, పట్టుకోడానికి జుట్టు లేక నోట్లో బొటనవేలు పెట్టి తలని మోసుకెళ్లారట.

ఈలోపే రైన్ నది దగ్గర సైన్యం తమ కమాండర్ విటెల్లియస్‌ని చక్రవర్తి అనేసింది. ఏప్రిల్‌లో ఉత్తర ఇటలీలో బెడ్రియాకమ్ దగ్గర ఒథో ఓడిపోయి పొడుచుకుని చచ్చిపోయాడు, మూడు నెలల ముచ్చట. గద్దె విటెల్లియస్‌కి దక్కింది.

తూర్పున యూదయాలో (ఇప్పటి ఇజ్రాయెల్ వైపు) తిరుగుబాటు అణిచే పనిలో ఉన్న సేనాని వెస్పాసియన్‌ని చక్రవర్తి అంటూ జులై 1న ఈజిప్ట్‌లోని అలెగ్జాండ్రియా దళాలు జై కొట్టాయి. ఈజిప్ట్ చేతిలో ఉందంటే రోమ్ తినే గోధుమలు చేతిలో ఉన్నట్టే, అసలు పాయింట్ అది. డిసెంబర్‌లో వెస్పాసియన్, విటెల్లియస్ మనుషులు రోమ్ సిటీలోనే కొట్టుకున్నారు, కాపిటల్ కొండ మీద జూపిటర్ గుడి కాలిపోయింది, విటెల్లియస్‌ని వీధుల్లో ఈడ్చి చంపారు. వెస్పాసియన్ మాత్రం 79 దాకా ఏలి జబ్బు చేసి పోయాడు.